చప్పుడు ఓర్వలేని చెవి

స్టీలు గిన్నెల మోత, మిక్సీ రొద, కుక్కరు కూత, వీధిలో హారను, పక్కగదిలో టీవీ వంటి నిత్యజీవితపు శబ్దాలు చాలామంది చెవిన పడి, మనసుకు పట్టకుండానే పోతాయి. అవే శబ్దాలు కొందరికి భరించలేనంత పెద్దవిగా వినిపించి, చెవినొప్పిని, గుండెదడను, భయాన్ని, ఆపుకోలేని చిరాకును కలిగిస్తాయి. ఇతరులకు ఏమాత్రం ఇబ్బంది అనిపించని స్థాయి శబ్దాన్ని కూడా ఓర్వలేని ఈ స్థితిని వైద్యులు హైపరాకూసిస్ అంటారు; శబ్దాల పట్ల అతి సున్నితత్వం అని దానిని తెలుగులో చెప్పుకోవచ్చు. ఈ బాధ ఉన్నవారికి అందరికంటె సన్నని చప్పుళ్ళు కూడా వినిపిస్తాయని చాలామంది అనుకుంటారు గాని, అది నిజం కాదు. వీరిలో పెరిగేది వినికిడి పదును కాదు, తగ్గేది శబ్దాన్ని తట్టుకునే హద్దు. వినికిడి కొంత మందగించినవారిలో కూడా ఈ బాధ కనిపించడానికి కారణం అదే.

ఈ బాధకు పైకి కనిపించే గుర్తు ఏదీ ఉండదు. సాధారణ వినికిడి పరీక్షలో తరచు అంతా సవ్యంగానే ఉన్నదని తేలడం వల్ల ‘ఆ మాత్రం చప్పుడుకేనా’, ‘అంతా చాదస్తం’, ‘వేషాలు’ అన్న మాటలు ఇంట్లోనే మొదలవుతాయి. ఆ మాటలు పడలేక బాధితులు చెవుల్లో దూది పెట్టుకుని, తలుపులు బిగించుకుని, పెళ్ళిళ్ళకు, బజారుకు, చివరకు కొలువుకు సైతం దూరమవుతారు. ఇంటివారి నిర్లక్ష్యం ఎంత హాని చేస్తుందో, బాధితులు కోరి తెచ్చుకునే ఆ నిశ్శబ్దమూ అంతే హాని చేస్తుంది. క్రమక్రమంగా అలవాటు చేసే మెత్తని శబ్దం, కుటుంబం చూపే నమ్మకం, ఊరి రొదకు చట్టం గీసిన హద్దు అనే మూడూ కలిసినప్పుడే ఈ బాధ అదుపులోకి వస్తుంది.

కృష్ణా డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల దినచర్యను గమనిస్తే ఈ విషయం ఎంత దగ్గరిదో తెలుస్తుంది. గుంటూరు జిల్లాలోని తెనాలి పెద్ద రైల్వే జంక్షను కావడం వల్ల రాత్రింబవళ్ళు రైలు కూతలు, గేట్ల దగ్గర ఆగిన వాహనాల హారన్లు వినిపిస్తూనే ఉంటాయి. బియ్యం మిల్లుల రొద, ఇనుప తుక్కుతో శిల్పాలు మలిచే పనివారి గ్రైండర్ల మోత వాటికి తోడవుతాయి. అక్కడినుంచి 1916లో వేసిన రైలుమార్గం చివర ఉన్న రేపల్లె చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు గంటల తరబడి తిరుగుతాయి. దిగువన నిజాంపట్నం రేవులో పడవల డీజిలు ఇంజన్లు తెల్లవారకముందే మొదలవుతాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాకు కేంద్రమైన బాపట్లలో వాహనాల రద్దీ, సెలవురోజుల్లో సూర్యలంక తీరానికి వెళ్ళే బండ్ల హోరు ఉంటాయి. వినాయక చవితి డీజేలు, పెళ్ళి ఊరేగింపులు, ఎన్నికల ప్రచార రథాలు మూడు ఊళ్ళకూ ఉమ్మడివే. వీటిలో కొన్ని ఎవరి చెవికైనా హాని చేసేంత పెద్దవి, కొన్ని ఆరోగ్యంగా ఉన్న చెవికి ఏమీ చేయనివి. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలగడమే చికిత్సకు తొలిమెట్టు.

ఒకే పేరు కింద పలు బాధలు

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ టైలర్, ఆయన సహచరులు 2014లో ప్రచురించిన సమీక్షలో హైపరాకూసిస్‌ను నాలుగు రూపాలుగా విభజించారు. మధ్యస్థాయి శబ్దం కూడా చాలా పెద్దగా వినిపించడం మొదటిది. శబ్దం విన్నప్పుడు తీవ్రమైన చిరాకు కలగడం రెండవది. శబ్దం వస్తుందేమోనన్న భయంతో ముందుగానే తప్పించుకు తిరగడం మూడవది. చెవిలోను, తలలోను నిజమైన నొప్పి పుట్టడం నాలుగవది. ఒకే మనిషిలో రెండు మూడు రూపాలు కలిసి ఉండవచ్చు గనుక, బాధితులు తమకు కలిగేది నొప్పా, భయమా, చిరాకా అన్నది విడమరిచి చెబితే వైద్యుడికి దారి సులువవుతుంది.

దీనిని పోలిన స్థితులు మరికొన్ని ఉన్నాయి. పక్కవారు నమలడం, గుటక వేయడం, ముక్కు ఎగబీల్చడం, పెన్ను టకటకలాడించడం వంటి కొన్ని ప్రత్యేక శబ్దాలు ఎంత సన్నగా ఉన్నా పట్టరాని కోపాన్ని, అసహ్యాన్ని రేపే స్థితి మిసోఫోనియా. ఈ పేరును 2001 ప్రాంతంలో మార్గరెట్, పావెల్ జాస్ట్రెబాఫ్ దంపతులు వాడుకలోకి తెచ్చారు. ఇందులో శబ్దం పరిమాణం కంటె అది ఏ శబ్దం, ఎవరినుంచి వస్తున్నది అన్నదే ముఖ్యం. అందువల్లనే భోజనాల దగ్గర సొంత అన్నదమ్ములమీద, తల్లిదండ్రులమీద కోపం వచ్చి, ఆ వెంటనే సిగ్గుతో కుమిలిపోయేవారు ఉంటారు. బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన సుఖ్‌బిందర్ కుమార్ బృందం 2017లో జరిపిన పరిశోధనలో, ఇటువంటి శబ్దాలు విన్నప్పుడు మిసోఫోనియా ఉన్నవారి మెదడులో ఇన్సులా అనే భాగం ఇతరులలో కంటె ఎక్కువగా స్పందించడమే కాక, గుండె వేగం కూడా పెరగడం కనిపించింది. ఇన్సులా అంటే శరీరపు లోపలి స్థితిని, భావోద్వేగాన్ని కలిపి, దేనిమీద ధ్యాస పెట్టాలో నిర్ణయించడంలో పాలుపంచుకునే భాగం. ఆ కోపం పెంపకంలోని లోపమో, మొండితనమో కాదని ఈ పరిశోధన సూచిస్తున్నది.

శబ్దాలంటే భయపడటాన్ని ఫోనోఫోబియా అంటారు. పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్ వచ్చినప్పుడు వెలుతురుతో పాటు చప్పుడు కూడా పడకపోవడాన్ని కూడా వైద్యులు ఇదే పేరుతో పిలుస్తారు. బయట ఏ శబ్దమూ లేకపోయినా చెవిలో హోరు వినిపించడం టినిటస్. అతి సున్నితత్వం ఉన్నవారిలో చాలామందికి ఈ హోరు కూడా ఉంటుంది.

చెవిలోను, మెదడులోను

గాలిలో వచ్చే శబ్ద తరంగాలు కర్ణభేరిని కదిలించగా, ఆ కదలిక కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు చిన్న ఎముకల గుండా లోపలి చెవిలోని కర్ణావర్తానికి చేరుతుంది. శరీరంలోని ఎముకలన్నిటికంటె చిన్నదైన అంకవన్నెను పట్టి ఉంచే స్టెపీడియస్ అనే సన్నని కండరం, పెద్ద శబ్దం వచ్చినప్పుడు బిగుసుకుని కొంత తీవ్రతను లోపలికి పోనీయకుండా ఆపుతుంది. ఈ కండరానికి ఆజ్ఞలు అందించేది ముఖనాడి గనుక, ముఖంలో ఒక పక్కకు హఠాత్తుగా పక్షవాతం వచ్చే బెల్స్ పాల్సీలో ఆ వైపు చెవికి శబ్దాలు పెద్దవిగా వినిపించవచ్చు. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాలలో ఒకదాని మీది ఎముక పలచబడి రంధ్రం పడినప్పుడు తన కనుగుడ్ల కదలిక, తన అడుగుల చప్పుడు తనకే వినిపించే అరుదైన స్థితిని 1998లో లాయిడ్ మైనర్ బృందం వివరించింది. తలకు దెబ్బ తగలడం, టపాసు లేదా పెద్ద స్పీకరు మోత చెవికి దగ్గరగా తగలడం కూడా కారణాలు కావచ్చు. ఆటిజం ఉన్న పిల్లలలోను, విలియమ్స్ సిండ్రోమ్ అనే జన్యుపరమైన స్థితి ఉన్నవారిలోను ఈ సున్నితత్వం తరచు కనిపిస్తుంది.

చాలామంది బాధితుల విషయంలో లోపం చెవిలో కాక, చెవి పంపిన సంకేతాన్ని మెదడు పెంచుకునే తీరులో ఉంటుందని నేటి శాస్త్రజ్ఞులు ఎక్కువమంది భావిస్తారు. కర్ణావర్తంలో సుమారు 3,500 లోపలి కేశకణాలు, 12,000 వెలుపలి కేశకణాలు ఉంటాయి. శబ్దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి నాడికి అందించేవి ప్రధానంగా లోపలి కణాలు. వయసు వల్లనో, పెద్ద మోతల వల్లనో వీటి నుంచి, వీటిని అంటిపెట్టుకున్న నాడీతంతువుల నుంచి వచ్చే సంకేతం తగ్గినప్పుడు, సిగ్నలు సరిగా అందని రేడియోకు వాల్యూము పెంచినట్లుగా మెదడు తన గ్రహణశక్తిని పెంచుకుంటుంది. ఆ పెంపు వల్ల సన్నని మాట అందుతుంది గాని, మామూలు శబ్దం సైతం మోతగా మారుతుంది. దీనికి భయం తోడైనప్పుడు, అపాయాన్ని పసిగట్టే అమిగ్డాలా వంటి మెదడు భాగాలు ప్రతి చప్పుడునూ హెచ్చరికగా తీసుకుంటాయి. గుండె వేగం పెరుగుతుంది, మెడ, దవడ బిగుస్తాయి, తరువాతి చప్పుడు కోసం శరీరమంతా పొంచి ఉంటుంది. ఇలా పొంచి ఉన్నప్పుడు ప్రతి శబ్దమూ మరింత పెద్దదిగా తోస్తుంది.

నిశ్శబ్దం ఎందుకు మందు కాదు

శబ్దం బాధిస్తున్నప్పుడు శబ్దం లేని చోటు వెతుక్కోవడం సహజం. పందొమ్మిదవ శతాబ్దపు రచయిత థామస్ కార్లైల్ పొరుగింటి కోళ్ళ కూతలు పడలేక, 1853లో లండన్‌లోని తన ఇంటి పై అంతస్తులో రెండేసి గోడలతో ప్రత్యేకంగా ఒక గది కట్టించుకున్నాడు. ఎంత ఖర్చు చేసినా ఆ గది ఆయనకు కోరిన ప్రశాంతత ఇవ్వలేదు. ఫ్రెంచి నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్ 1910లో పారిస్‌లోని తన పడకగది గోడలకు శబ్దాన్ని ఆపే బెరడు పలకలు బిగింపించుకుని, ఆ గదిలోనే ఏళ్ళ తరబడి రాసుకున్నాడు.

ఇటువంటి నిశ్శబ్దం చెవిని ఏం చేస్తుందో 2003లో క్రెయిగ్ ఫార్మ్‌బీ, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనం చూపించింది. వినికిడి బాగుండి స్వచ్ఛందంగా పాల్గొన్నవారిలో కొందరు రెండు వారాలపాటు చెవులకు బిరడాలు, అంటే ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోగా, మరికొందరు సన్నని హోరు వినిపించే చిన్న పరికరాలు ధరించారు. రెండు వారాలు గడిచాక, బిరడాలు పెట్టుకున్నవారికి శబ్దాలు మునుపటికంటె పెద్దవిగా తోచాయి. హోరు విన్నవారికి మునుపటికంటె చిన్నవిగా తోచాయి. ఏ జబ్బూ లేనివారిలోనే రెండు వారాల్లో ఇంత మార్పు వచ్చినప్పుడు, నెలల తరబడి దూది పెట్టుకుని గడిపేవారి మెదడు తన వాల్యూమును ఎంతగా పెంచుకుంటుందో ఊహించవచ్చు. చెవికి రక్షణ నిజంగా పెద్ద శబ్దం ఉన్న చోటనే కావాలి. వారానికి 40 గంటలపాటు 80 డెసిబెళ్ళ వరకు వినడం సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. డెసిబెల్ అనేది శబ్ద తీవ్రతకు కొలత. 10 డెసిబెళ్ళు పెరిగితే తీవ్రత 10 రెట్లు పెరిగినట్లు లెక్క. మామూలు సంభాషణ 60 డెసిబెళ్ళ దరిదాపుల్లో ఉంటుంది గనుక, దానికి బిరడాలు అవసరం లేదు; ఊరేగింపులో డీజే బండి పక్కన నిలబడవలసి వస్తే మాత్రం తప్పకుండా అవసరం.

పరీక్ష, చికిత్స

మొదట చూపించుకోవలసింది చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి. వినికిడి హఠాత్తుగా తగ్గినా, ముఖం ఒక పక్కకు జారినా, శబ్దం వినగానే కళ్ళు తిరిగినా, బాధ ఒక చెవిలోనే ఉన్నా ఆలస్యం చేయకూడదు. హఠాత్తుగా వచ్చిన వినికిడి లోపానికి రోజుల వ్యవధిలోనే చికిత్స మొదలుకావాలి. వైద్యుడు చూసిన తరువాత వినికిడి నిపుణుడు, అంటే ఆడియాలజిస్టు, వినికిడిని కొలవడంతో పాటు శబ్దాన్ని మెల్లమెల్లగా పెంచుతూ ఏ స్థాయిలో ఇబ్బంది మొదలవుతున్నదో గుర్తిస్తారు. ఆరోగ్యంగా ఉన్న చెవికి ఈ హద్దు 100 డెసిబెళ్ళకు అటూ ఇటూ ఉంటుంది. అతి సున్నితత్వం ఉన్నవారిలో అది చాలా కిందికి దిగుతుంది. ఈ పరీక్షే భయపెట్టే అవకాశం ఉన్నందున, చేయబోయేది ముందుగా వివరించి, ఆపమన్నప్పుడు ఆపుతామని మాట ఇచ్చి, అతి తక్కువ స్థాయినుంచి మొదలుపెట్టడం మంచి పద్ధతి. 2002లో స్టెఫానీ ఖల్ఫా బృందం రూపొందించిన 14 ప్రశ్నల పట్టికను కూడా బాధ తీవ్రతను అంచనా వేయడానికి వాడతారు.

గుంటూరు వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజనాసుపత్రి ఈ మూడు పట్టణాలకూ దగ్గరలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి. ఇంకా లోతైన పరీక్షలకు సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం, 1965లో మైసూరులో నెలకొల్పిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నాయి. భయం, దిగులు, నిద్రలేమి ముదిరినవారు 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోను చేసి ఉచితంగా సలహా పొందవచ్చు.

ఈ బాధకు ప్రత్యేకించిన మాత్ర ఏదీ లేదు. వాడుకలో ఉన్న చికిత్సలలో శబ్ద చికిత్స ఒకటి. వర్షపు చప్పుడు వంటి ఎగుడుదిగుడులు లేని సన్నని హోరును, ఇబ్బంది కలిగించనంత తక్కువ స్థాయిలో, రోజుకు కొన్ని గంటలపాటు వినిపిస్తూ వారాలు, నెలల మీద మెదడును తిరిగి శబ్దానికి అలవాటు చేయడం దీని సారం. చెవిలో పెట్టుకునే పరికరం దొరకనివారు ఫోనులోని వాన చప్పుడుతోనో, గదిలోని పంకా గాలితోనో మొదలుపెట్టవచ్చు. నిద్రవేళ కూడా గదిని పూర్తి నిశ్శబ్దంగా ఉంచకపోవడం మేలు. ఆలోచనను, ప్రవర్తనను కలిపి సరిదిద్దే ప్రవర్తనా చికిత్స రెండవది. ‘ఈ చప్పుడు నా చెవిని పాడుచేస్తుంది’ అన్న నమ్మకాన్ని పరిశీలించి, తప్పించుకు తిరిగిన చోట్లకు మెట్లుమెట్లుగా మళ్ళీ వెళ్ళేలా చేయడం ఇందులో ముఖ్యం. స్వీడనులో 60 మంది బాధితులతో జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఈ చికిత్స శబ్దాన్ని ఓర్చుకునే శక్తిని పెంచినట్లు తేలింది. నొప్పి ప్రధానంగా ఉన్నవారిలో ఈ అలవాటు చేయడం మరింత నెమ్మదిగా, నిపుణుల పర్యవేక్షణలోనే సాగాలి. పళ్ళు బిగబట్టి ఓర్చుకోమని పెద్ద శబ్దం ముందు నిలబెట్టడం వైద్యం కాదు.

ఇంట్లో, బడిలో

మిక్సీని ఉదాహరణగా తీసుకుంటే ఈ అలవాటు ఎలా సాగుతుందో స్పష్టమవుతుంది. మొదటి వారం మిక్సీ వేయబోతున్నట్లు ముందుగా చెప్పి, బాధితురాలు రెండు గదుల అవతల తలుపు వేసుకుని ఉన్నప్పుడు కొద్ది క్షణాలు మాత్రమే తిప్పుతారు. అది ఇబ్బంది లేకుండా గడిచాక తలుపు తెరుస్తారు, తరువాత పక్కగదికి, ఆపైన వంటింటి గుమ్మందాకా వస్తారు. చివరి మెట్టులో మీట ఆమె చేతికే ఇస్తారు. ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో తన అధీనంలో ఉన్న శబ్దం, అనుకోకుండా వచ్చి పడే శబ్దమంత బాధించదు. మిక్సీ కింద మందపాటి గుడ్డ పరచడం, స్టీలు పళ్ళేలు ఒకదానిమీద ఒకటి విసిరినట్లు పెట్టకపోవడం, కుర్చీల కాళ్ళకు రబ్బరు తొడుగులు వేయడం, గచ్చు గదుల్లో బరువైన తెరలు, చాపలు వాడటం వంటి పనులకు ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. భోజనాల దగ్గర మిసోఫోనియా ఉన్నవారికి సన్నగా పాట పెట్టడం, బాధ పెరిగినప్పుడు నింద లేకుండా లేచి వెళ్ళనివ్వడం ఉపశమనం ఇస్తాయి. అన్నిటికంటె ముందు, ‘నీకు నిజంగానే బాధగా ఉంది, నాకు తెలుసు’ అని ఇంట్లో ఒక్కరైనా చెప్పడం అవసరం. నమ్మేవారు ఉన్నప్పుడే బాధితులు ధైర్యంగా తరువాతి మెట్టు ఎక్కగలుగుతారు.

పిల్లలు తమ బాధను తరచు మాటల్లో చెప్పలేరు. మధ్యాహ్న భోజనం వేళ పళ్ళేల మోతకో, గంట కొట్టగానే మొదలయ్యే కేకలకో చెవులు మూసుకునే పిల్లవాడిని అల్లరివాడని దండించకుండా, గంట మోగబోతున్నదని ముందుగా చెప్పడం, మూలన కాస్త నెమ్మదైన చోట భోజనం చేయనివ్వడం, టపాసులు కాల్చే వేళ చెవులను కప్పే ఇయర్‌మఫ్‌లు ఇవ్వడం ఉపాధ్యాయులు చేయగల పనులు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఉన్నది. ఆటిజంతో పాటు ఈ సున్నితత్వం ఉన్న పిల్లలకు బడిలో తగిన సర్దుబాట్లు అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉన్నది.

ఊరి రొద, చట్టం

చికిత్స ఎంత బాగా సాగినా, అర్ధరాత్రి కిటికీ అద్దాలు అదిరేలా మోగే డీజే ఒక్క పూటలో నెలల శ్రమను వెనక్కు నెట్టగలదు. అందువల్ల ఈ బాధ ఒక మనిషి సమస్యగా మాత్రమే మిగలదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళను, వ్యాపార ప్రాంతాలలో పగలు 65, రాత్రి 55 డెసిబెళ్ళను మించకూడదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించే ప్రాంతంలో ఈ హద్దులు 50, 40. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాలలో లౌడ్ స్పీకర్లు నిషిద్ధం. పండుగలకోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు మాత్రమే రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వగలదు. 2005 జూలై 18న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, ఇష్టం లేని శబ్దాన్ని వినమని మరొకరిని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదని, ప్రశాంతంగా జీవించడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. అవసరం లేకుండా హారను మోగించినా, సైలెన్సరు మార్చి మోత పెంచినా మోటారు వాహనాల చట్టం కింద జరిమానా ఉన్నది. వీటి అమలుకు జిల్లా కలెక్టరును, పోలీసు అధికారులను ఆశ్రయించవచ్చు. తక్షణ సహాయానికి 112 నంబరు ఉన్నది.

ఈ నియమాలు ఏ మతానికో, ఏ వేడుకకో వ్యతిరేకమైనవి కావు. గుడికి, మసీదుకు, చర్చికి, రాజకీయ సభకు అన్నిటికీ ఒకే తీరుగా వర్తిస్తాయి. అయినా ఒక్క కుటుంబం ఫిర్యాదు చేస్తే వీధిలో పగ మిగులుతుందన్న వెరపు చాలామందిని ఆపుతుంది. ఆ వెరపును తొలగించగలిగేది ఊరి పెద్దలే. తెనాలిలోగాని, బాపట్లలోగాని, రేపల్లెలోగాని ఉత్సవ కమిటీలు స్పీకర్లను ఇళ్ళ కిటికీలవైపు కాక ఖాళీ స్థలంవైపు తిప్పి, రాత్రి 10కి ఆపి, ఊరేగింపు ఏ వీధికి ఎన్ని గంటలకు వస్తుందో ముందురోజే తెలియజేస్తే, వేడుకకు ఏ లోటూ రాదు. చప్పుడు ఓర్వలేని మనిషికి ఆ సమాచారం ఎంతో ఊరట. పసిబిడ్డ తల్లికి, గుండెజబ్బు ఉన్న పెద్దాయనకు, పరీక్షకు చదువుకునే విద్యార్థికి కూడా అదే ఊరట. ఈ బాధ ఉన్నవారు లోకాన్ని మూగబొమ్మ అయిపొమ్మని కోరడం లేదు. వారు తిరిగి నలుగురిలోకి రావడానికి కావలసిన మెట్లను ఇల్లు, బడి, వైద్యుడు, ఊరు కలిసి కడితే, ఎక్కే శ్రమ వారే పడతారు.